చెంచాల లెక్క

నెలాఖరు రాత్రి. బటుమిలో వాన,
మొదలైతే ఆగడం తెలియని నల్లసముద్రపు వాన.
నాలుగువందల టీ చెంచాలు ఉండాలి.
మూడువందల పదకొండు ఉన్నాయి.
మళ్లీ లెక్కపెట్టించాను.
మూడువందల పది.

కొత్త కోటు మీద కొత్త పేరుపట్టీ:
లమారా, ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్.
పిన్ను గుచ్చుకుంటోంది,
సరిగ్గా పెట్టుకోవడం ఇంకా చేతకాలేదు.
పదహారేళ్లు పట్టింది ఈ పిన్నుకి.

అసలు ఏం పని నీది, అంది మా చెల్లెలు ఫోన్లో.
చెప్పబోయి తడబడ్డాను.
ఖచపూరి నడుమ గుడ్డుసొన ఇంకా వణుకుతుండగానే
మూడో అంతస్తు చేరాలి. అదొకటి.
పెళ్లివిందులో తమదా లేచి గ్లాసెత్తితే
ఆయన మాట ముగిసేదాకా వడ్డించే చెయ్యి కదలకూడదు,
వంటింట్లో మూడువందల నలభై పళ్లేలు చల్లారకూడదు.
ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు చోటే నా ఆఫీసు.
కొసరి పెట్టండి అని హాల్లో అంటాను,
ఖర్చు నూటికి ముప్పై దాటితే ఊరుకోను అని వంటింట్లో.
రెండూ నా నోరే.

ఓతారి నేర్పాడు మొదట:
గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి,
కోపంగా ఉన్న అతిథిని పేరు దగ్గర.
మిగతావి ఎవరూ నేర్పలేదు.
లాండ్రీ పక్కగదిలో, ఆవిరికి పేజీలు ఉబ్బిన పుస్తకంలో
లాభనష్టాల పట్టికలు చదువుకున్నాను.
రెండుసార్లు ఈ కుర్చీ ఖాళీ అయింది,
రెండుసార్లూ ఇస్తాంబుల్ నుంచి ఎవరో వచ్చి కూర్చున్నారు.
వాళ్లకి సపెరావి సీసాల గది దారి చూపించింది నేనే.

ఇప్పుడు బల్లమీద అకౌంట్స్ వాళ్ల కాగితం:
తగ్గిన చెంచాల ఖరీదు
గిన్నెలు కడిగేవాళ్ల జీతంలో కోత.
కింద గీత, గీత కింద నా పేరు.

ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.
నా మొదటి చలికాలం, రాత్రి ఒంటిగంట,
పన్నెండు పళ్లేల ఎంగిలి ఒక్క ఊపున తోసేస్తుంటే
మీగడతో పాటు జారింది ఒకటి.
ఠింగ్ మంది డబ్బా అడుగున.
విన్నాను.
చెయ్యి పెట్టలేదు.
ఆ రాత్రి ఒకటే అని చెప్పను.

కోటు విప్పి కొక్కేనికి తగిలించాను.
కింద బద్రి ఒక్కడే ఉన్నాడు, పందొమ్మిదేళ్లవాడు,
నన్ను చూసి నీళ్లు కట్టేశాడు, తప్పు చేసినట్టు.
గ్లౌజులు ఇంకో జత ఉన్నాయా, అన్నాను.
డబ్బాలు బోర్లించాం.
రొట్టెముక్కలు, ద్రాక్షతొడిమలు, వాల్‌నట్ ముద్ద,
ఎవరో కొరికి వదిలేసిన పెళ్లికేకు.
ఎంగిలికి చిన్నా పెద్దా లేదు,
అధ్యక్షుడి గదిదీ డ్రైవర్ల హాలుదీ ఒకటే వాసన.
మొదటి చెంచా దొరికినప్పుడు వాడు నవ్వలేదు.
పదో దానికి నవ్వాడు.
తెల్లారేసరికి నలభైమూడు.

మిగతావి? మేజోళ్లలో, హ్యాండ్‌బ్యాగుల్లో,
మడతపెట్టిన టేబుల్ గుడ్డల్లో. నాకేం తెలుసు.

కాగితం మీద కోత కొట్టేశాను.
చెత్తడబ్బాల మూతికి అయస్కాంతాలు బిగించండి, అని రాశాను,
మనవి చౌకరకం చెంచాలు, ఇట్టే అంటుకుంటాయి.
కారణం అన్న గడిలో: అలసట.
అలాంటి కారణం జాబితాలో లేదని
తొమ్మిదింటికి ఫోన్ వస్తుంది. రానీ.

ఆరుగంటలకి అల్పాహారం తలుపులు తీశాం.
మొదటి అతిథి, కుతాయిసి నుంచి వచ్చిన ముసలాయన,
టీలో పంచదార వేసుకుని
అటూ ఇటూ చూసి, నా చేతుల వాసన పట్టాడో ఏమో,
కాస్త మొహమాటంగా అడిగాడు:
అమ్మాయీ, ఒక చెంచా ఉందా?